డిక్లేర్ చేసే ముందు ఓవర్లు లెక్కపెట్టండి

పాఠకుల ప్రశ్నలు - మా జవాబులు

ఈసారి విశాఖ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టెస్టు క్రికెట్ మీదే. పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో ఇప్పటివరకు మనం చూసిన మూడు టెస్టులు (2016 నవంబర్‌లో ఇంగ్లండ్‌తో, 2019 అక్టోబర్‌లో దక్షిణాఫ్రికాతో, 2024 ఫిబ్రవరిలో మళ్లీ ఇంగ్లండ్‌తో) చాలామందికి ఇంకా గుర్తున్నాయి. అందుకే ఉదాహరణలు వీలైనంత వరకు అక్కడి నుంచే తీసుకున్నాం. కొత్తవాళ్ల కోసం ఒక మాట: డిక్లేర్ చేయడమంటే ఇంకా వికెట్లు మిగిలుండగానే కెప్టెన్ తన జట్టు ఇన్నింగ్స్ ముగించడం.

ప్రశ్న: 2019 విశాఖ టెస్టులో మనవాళ్లు 394 పరుగుల ఆధిక్యం వచ్చేదాకా ఆడారు. ఇంకో గంట ముందే డిక్లేర్ చేసుంటే బాగుండేదని స్టాండ్స్‌లో మా చుట్టూ ఉన్నవాళ్లంతా అన్నారు. అసలు కెప్టెన్లు ఏ లెక్కన డిక్లేర్ చేస్తారు?
- ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లు పరుగులు లెక్కపెడతారు, డ్రెస్సింగ్ రూమ్‌లో ఓవర్లు లెక్కపెడతారు. తేడా అక్కడే వస్తుంది.

ఆ మ్యాచ్‌నే తీసుకుని కాగితం మీద వేసి చూద్దాం. మొదటి ఇన్నింగ్స్‌లో భారత్ 502/7 డిక్లేర్డ్, దక్షిణాఫ్రికా 431. అంటే మన ఆధిక్యం 71 మాత్రమే. అదే పిచ్ మీద వాళ్లు 131.2 ఓవర్లు నిలబడ్డారు, ఓవరుకి దాదాపు 3.3 చొప్పున కొట్టారు. కెప్టెన్ దగ్గరున్న గట్టి సాక్ష్యం ఇదే.

ముందుగా తేల్చుకోవాల్సింది పది వికెట్లకు ఎన్ని ఓవర్లు కావాలన్నది. మొదటి ఇన్నింగ్స్‌లో 131 పట్టింది, ఐదో రోజు పిచ్ అరిగి బంతి లేవకుండా కిందకే ఉంటుంది కాబట్టి 100 అనుకోవచ్చు. ఆ 100 ఓవర్లలో అవతలివాళ్లు మామూలుగా ఆడితే ఎన్ని కొడతారు? 3.3 చొప్పున 330. దాని పైన ఒక మంచి భాగస్వామ్యం కుదిరినా మునిగిపోకుండా 60, 70 పరుగుల రక్షణ వేసుకోవాలి. మొత్తం 390, 400 మధ్య తేలుతుంది. వాళ్లకు ఇచ్చిన లక్ష్యం 395. గంట ముందే ఆపి ఉంటే 330 చుట్టుపక్కల లక్ష్యం, 115 ఓవర్లు ఇచ్చినట్టయ్యేది. ఎల్గర్, డికాక్ అప్పటికే శతకాలు కొట్టి ఉన్న జట్టుకి అది చేతికి అందే లెక్క.

కొత్త బంతి సంగతి చాలామంది మర్చిపోతారు. టెస్టుల్లో 80 ఓవర్ల తర్వాతే రెండో కొత్త బంతి తీసుకోవచ్చు. అవతలి జట్టుకి 85 ఓవర్లు మాత్రమే మిగిల్చి డిక్లేర్ చేస్తే, చివర్లో ఆఖరి జోడీ అతుక్కుపోయినప్పుడు కొత్త బంతితో వేయడానికి ఐదు ఓవర్లే ఉంటాయి. కనీసం 15 నుంచి 20 ఓవర్లు ఉండేలా చూసుకోవాలి. నాలుగో రోజు సాయంత్రం 9 ఓవర్లు, ఐదో రోజు 90 కలిపితే 99 వచ్చాయి కదా, అలా రెండో కొత్త బంతికి 19 ఓవర్లు చేతిలో ఉన్నాయి. చివరికి అవసరం పడలేదు, 63.5 ఓవర్లకే 191 ఆలౌట్. కానీ 70/8 నుంచి ముత్తుసామి, పీట్ కలిసి తొమ్మిదో వికెట్‌కి 91 పరుగులు జోడించినప్పుడు ఆ చేతిలో ఉన్న ఓవర్ల విలువ తెలిసింది. సమయం గట్టిగా ఉన్న కెప్టెన్ కంగారుపడి ఫీల్డింగ్ చెదరగొట్టడు.

సాయంత్రం పూట డిక్లేర్ చేయడంలో ఇంకో లాభం ఉంది. అవతలి ఓపెనర్లు 67 ఓవర్లు ఎండలో, మన సముద్రగాలి ఉక్కలో ఫీల్డింగ్ చేసి, పది నిమిషాల్లో ప్యాడ్లు కట్టుకుని కొత్త బంతి ఎదుర్కోవాలి. ఆ 9 ఓవర్లలోనే ఎల్గర్ అవుటయ్యాడు, 11/1. అదే మ్యాచ్ రెండో రోజు సాయంత్రం కూడా ఇలాగే డిక్లేర్ చేసి 20 ఓవర్లలో మూడు వికెట్లు తీశారు. రాత్రి గడిచాక పొద్దున బంతి ఇంకా కొత్తగానే ఉంటుంది, మన పేసర్లు మాత్రం తాజాగా వస్తారు. ఒకే కొత్త బంతితో రెండుసార్లు దాడి చేసినట్టు.

డిక్లేర్ చేయాలనుకున్న జట్టు అంతకుముందు బ్యాటింగ్ ఎలా ఆడిందన్నది కూడా చూడండి. రోహిత్ 149 బంతుల్లో 127, పుజారా 148 బంతుల్లో 81. ఆ తర్వాత కోహ్లి తాను రాకుండా జడేజాను ముందు పంపాడు, 32 బంతుల్లో 40 వచ్చాయి. మొత్తం 67 ఓవర్లలో 323. ఇదే 323 ఓవరుకి మూడున్నర చొప్పున తీసి ఉంటే 92 ఓవర్లు పట్టేది. అంటే 25 ఓవర్లు, దాదాపు ఒక సెషన్, బ్యాటర్లే సంపాదించి బౌలర్ల చేతిలో పెట్టారు.

ప్రశ్న: జిడ్డు ఆట ఆడితే టెస్టు డ్రా చేసుకోవచ్చని పెద్దలంటారు. మరి 2016లో ఇక్కడ కుక్, హమీద్ అంత జిడ్డుగా ఆడినా ఇంగ్లండ్ ఎందుకు ఓడింది? అబ్బాయిలకు డిఫెన్స్ ఎలా నేర్పాలో కూడా చెప్పండి.
- అకాడమీకి వెళ్లే పిల్లాడి తండ్రి, గాజువాక

జవాబు: ఆ ఇన్నింగ్స్ పాఠంలా చెప్పదగ్గది. లక్ష్యం 405, మిగిలినవి దాదాపు 150 ఓవర్లు. కుక్, హమీద్ మొదటి వికెట్‌కి 50.2 ఓవర్లు నిలిచి 75 పరుగులు చేశారు. హమీద్ 144 బంతుల్లో 25, కుక్ 188 బంతుల్లో 54. అంతవరకు శభాష్ అనాల్సిందే. అయితే ఓవరుకి ఒకటిన్నర పరుగులు వస్తున్నంతసేపు కెప్టెన్‌కి భయమేముంది? సిల్లీ పాయింట్, షార్ట్ లెగ్, స్లిప్, లెగ్ స్లిప్ అందరూ బ్యాటు చుట్టూనే కాపు కాశారు. ఎప్పుడో ఒక బంతి కిందికి ఉంటుంది, హమీద్‌కి అశ్విన్ వేసింది అలాంటిదే. నాలుగో రోజు ఆఖరి బంతికి జడేజా కుక్‌ను ఎల్బీ చేశాడు. 87/2 నుంచి మర్నాడు 158కి ఆలౌట్, మొత్తం 97.3 ఓవర్లు. ఇంకా యాభైకి పైగా ఓవర్లు మిగిలిపోయాయి.

2021 జనవరిలో సిడ్నీతో పోల్చి చూడండి. అక్కడా లక్ష్యం 407. కానీ పంత్ 118 బంతుల్లో 97 కొట్టి ఫీల్డర్లను బౌండరీకి తరిమాడు. అవతల పుజారా 205 బంతుల్లో 77. ఆ తర్వాత తొడ కండరం పట్టేసిన మన కాకినాడ హనుమ విహారి 161 బంతుల్లో 23 నాటౌట్, అశ్విన్ 128 బంతుల్లో 39 నాటౌట్. వాళ్లిద్దరూ దాదాపు 43 ఓవర్లు కాశారు. 131 ఓవర్లలో 334/5, డ్రా. జిడ్డు పనిచేసింది, ఎందుకంటే దానికి ముందు కొట్టే ఆట ఉంది. అప్పటికి ఆస్ట్రేలియాకి ఓటమి భయం కూడా రుచి చూపించారు. డ్రా కోసం ఆడేటప్పుడు కూడా ఓవరుకి రెండున్నర తగ్గకుండా సింగిల్స్ తీయాలన్నది మా గట్టి అభిప్రాయం. సింగిల్ తీస్తే స్ట్రైక్ మారుతుంది, బౌలర్ తన లైన్ మార్చుకోవాలి, షార్ట్ లెగ్‌ని తీసి మిడ్‌వికెట్‌లో పెట్టాలా అని కెప్టెన్ ఆలోచనలో పడతాడు.

ఇక పిల్లలకు నేర్పడం. స్పిన్‌కి డిఫెన్స్ అంటే బ్యాటు అడ్డం పెట్టడం కాదు, బంతిని కాళ్ల దగ్గరే చంపడం. కింది చెయ్యి బిగించి పట్టుకుంటే బంతి ఎగిరి షార్ట్ లెగ్ చేతిలో పడుతుంది. కింది చేత్తో బొటనవేలు, చూపుడువేలు మాత్రమే హ్యాండిల్‌కి తగిలేలా పట్టించండి, బిగువంతా పై చేతిలో ఉండాలి. బ్యాటు ప్యాడ్‌కి ముందు ఉండాలి, ప్యాడ్ పక్కన కాదు. ప్యాడ్ ముందుకొచ్చి బ్యాటు వెనక దాక్కుంటే ఈ రివ్యూల కాలంలో ఎల్బీ తప్పదు. అడుగు వేస్తే బంతి పడే చోటుదాకా పూర్తిగా వెయ్యాలి, లేదంటే పూర్తిగా వెనక్కి, స్టంప్స్ దగ్గరికి వెళ్లాలి. వికెట్లు పోయేది మధ్యలో ఆగిపోయినప్పుడే.

నెట్స్‌లో ఇలా చేయించండి. బ్యాటర్‌కి రెండు మీటర్ల దూరంలో సిల్లీ పాయింట్, షార్ట్ లెగ్ చోట్ల రెండేసి పాత బూట్లు పెట్టండి. 60 బంతులు వేయించండి. డిఫెన్స్ చేసిన బంతి నేల తాకకుండా ఆ బూట్లు దాటితే అవుట్. ప్రతి పది బంతుల్లో కనీసం మూడు సింగిల్స్ వచ్చేలా ఖాళీల్లోకి నెట్టాలి. మొదటి వారం పిల్లలు నాలుగైదుసార్లు అవుటవుతారు, కంగారుపడొద్దు. చేతులు మెత్తబడ్డాక ఆ లెక్క దానంతటదే తగ్గుతుంది.

ప్రశ్న: ఇప్పుడు ఇంగ్లండ్ వాళ్లలా టెస్టుల్లో కూడా దంచికొట్టడమే సరైన ఆట కదా?
- డిగ్రీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: దంచడం ఎప్పుడు సరైనదో చెప్పడానికి 2024 కాన్పూర్ టెస్టును మించిన ఉదాహరణ దొరకదు. బంగ్లాదేశ్‌తో మొదటి రోజు 35 ఓవర్లే పడ్డాయి, తర్వాత రెండు రోజులు పూర్తిగా పోయాయి. నాలుగో రోజు భారత్ 34.4 ఓవర్లలో 285/9 కొట్టి డిక్లేర్ చేసింది. ఆధిక్యం 52 మాత్రమే. అక్కడ పరుగుల కన్నా సమయం కరువు, కాబట్టి వికెట్లు పోతే పోనీ అని కొట్టారు. ఐదో రోజు బంగ్లాదేశ్‌ను 146కి పడగొట్టి ఏడు వికెట్లతో గెలిచారు.

సమయం కరువు లేనప్పుడు ఇదే పని చేస్తే నష్టం. 2023 ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లండ్ మొదటి రోజే 393/8 దగ్గర డిక్లేర్ చేసింది, రూట్ 118తో నాటౌట్‌గా ఉన్నాడు. ఆ సాయంత్రం వేసిన నాలుగు ఓవర్లలో వికెట్ పడలేదు. చివరికి ఆస్ట్రేలియా రెండు వికెట్ల తేడాతో గెలిచింది. అలాంటి మ్యాచ్‌లో రూట్ ఇంకో గంట ఆడితే వచ్చే నలభై పరుగుల విలువ ఎంతో ఎవరికైనా తెలుస్తుంది.

2024లో మన పోతినమల్లయ్యపాలెంలో ఇంగ్లండ్ 399 లక్ష్యానికి 69.2 ఓవర్లలో 292 చేసి ఓడింది. ఓవరుకి 4.2. అలా ఆడే జట్టుకి పైన 2019కి వేసిన లెక్క పనికిరాదు. 99 ఓవర్లలో 395 ఇస్తే కొట్టేస్తారు. అందుకే 2025 ఎడ్జ్‌బాస్టన్‌లో భారత్ 608 లక్ష్యం ఇచ్చేదాకా ఆగింది. అతి జాగ్రత్త అన్నవాళ్లున్నారు. కానీ ఆ ముందు టెస్టులోనే హెడింగ్లీలో ఇంగ్లండ్ 371 ఛేదించింది, అదే ఎడ్జ్‌బాస్టన్‌లో 2022లో 378 ఛేదించింది. ఆ రెండు దెబ్బలూ తిన్న జట్టు ఆగడంలో తప్పేమీ లేదు. నాలుగో రోజు సాయంత్రమే మూడు వికెట్లు తీసి, ఐదో రోజు 336 పరుగులతో గెలిచింది.

ప్రశ్న: 2025లో గువాహటిలో దక్షిణాఫ్రికాకి 288 ఆధిక్యం వచ్చినా మనల్ని ఫాలోఆన్ ఆడించలేదు. ఎందుకు? ఎంత తేడా ఉంటే ఆడించొచ్చు?
- ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ఫాలోఆన్ అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడిన జట్టుతో వెంటనే మళ్లీ బ్యాటింగ్ చేయించడం. అందుకు కావాల్సిన ఆధిక్యం ఐదు రోజుల మ్యాచ్‌లో 200, మూడు నాలుగు రోజుల మ్యాచ్‌లో 150, రెండు రోజుల మ్యాచ్‌లో 100, ఒక రోజు మ్యాచ్‌లో 75. టెస్టు మొదటి రోజు బంతి పడకుండా వర్షానికి పోతే దాన్ని నాలుగు రోజుల మ్యాచ్ కింద లెక్కగట్టి 150 చాలంటారు. మన తీరంలో అక్టోబర్, నవంబర్ తుపాను రోజులు కాబట్టి ఈ నిబంధన గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఆడించకపోవడానికి మొదటి కారణం బౌలర్ల అలసట. 2001 కోల్‌కతాలో 274 ఆధిక్యంతో ఆస్ట్రేలియా ఫాలోఆన్ ఆడించింది. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, భారత్ 178 ఓవర్లు ఆడి 657/7 డిక్లేర్డ్. విరామం లేకుండా అంతసేపు బంతులేసిన జట్టు ఆఖరి రోజు 212కి ఆలౌటై 171 పరుగులతో ఓడింది. రెండో కారణం నాలుగో ఇన్నింగ్స్. ఫాలోఆన్ ఆడిస్తే పాడైన పిచ్ మీద ఆఖర్న మనమే బ్యాటింగ్ చేయాల్సి రావొచ్చు. గువాహటిలో దక్షిణాఫ్రికా 260/5 డిక్లేర్ చేసి 549 లక్ష్యం పెట్టి, మనల్ని 140కి కూల్చి 408 పరుగులతో గెలిచింది.

సమయం తక్కువ, ఆధిక్యం ఎక్కువ, బౌలర్లు 60 ఓవర్ల లోపే పని ముగించారు - ఈ మూడూ కలిస్తే మేమైతే ఫాలోఆనే అంటాం.

ప్రశ్న: విశాఖ పిచ్ అంటే స్పిన్ పిచ్చే కదా. ముగ్గురు స్పిన్నర్లు, ఒక్క పేసర్ చాలదా?
- ఒక పాఠకుడు, ఉక్కునగరం

జవాబు: 2024లో ఇంగ్లండ్ సరిగ్గా ఇలాగే అనుకుంది. ఆండర్సన్ ఒక్కడే పేసర్, హార్ట్లీ, రెహాన్ అహ్మద్‌తో పాటు తొలి టెస్టు ఆడుతున్న బషీర్. మ్యాచ్‌ను మలుపు తిప్పిందెవరు? బుమ్రా. 45కి 6, 46కి 3, మొత్తం తొమ్మిది వికెట్లు. పోప్ స్టంప్స్‌ని ఎగరగొట్టిన ఆ యార్కర్ తిరిగే పిచ్ మీద పడింది కాదు, రివర్స్ స్వింగ్ అయిన పాత బంతి.

వెనక్కి వెళ్లి చూడండి. 2019 ఐదో రోజు షమీ 35కి 5, అందులో నలుగురు బౌల్డ్: బవుమా, డుప్లెసిస్, డికాక్, పీట్. 2016లో మన రెండో ఇన్నింగ్స్‌ను 204కి ఆపడంలో బ్రాడ్ 33కి 4 తీశాడు. మూడు టెస్టుల్లోనూ బంతి కిందికి ఉండటం మొదలయ్యాక స్టంప్స్ మీదికి వేసే పేసర్ వికెట్లు తీశాడు. స్పిన్నర్లు పని చేయలేదని కాదు. అశ్విన్ 2019లో మొదటి ఇన్నింగ్స్‌లో 145కి 7 తీశాడు. కానీ ఇక్కడ ఇద్దరు పేసర్లు లేకుండా దిగడం పొరపాటు.

నలుగురు బౌలర్లా, ఐదుగురా అన్నది కూడా ఓవర్లతోనే తేలుతుంది. రోజుకి 90 ఓవర్లు నలుగురైతే తలా 22కి పైగా, ఐదుగురైతే 18. విశాఖ ఉక్కలో పేసర్‌కి 22 ఓవర్లంటే మూడో స్పెల్‌కి వేగం పడిపోతుంది. 2016లో ఐదో బౌలర్‌గా జయంత్ యాదవ్‌ని తీసుకున్నారు, అతను 35, 27 నాటౌట్ చేసి, రెండో ఇన్నింగ్స్‌లో 3 వికెట్లు తీశాడు. ఐదో బౌలర్ బ్యాటింగ్ కూడా వచ్చినవాడైతే ఆరో బ్యాటర్ లోటు తెలియదు. 2019లో నలుగురితోనే దిగి విహారిని ఆరో బ్యాటర్‌గా పెట్టుకున్నారు. ఓపెనర్ల భాగస్వామ్యం 317 వచ్చింది కాబట్టి ఎవరూ అడగలేదు కానీ, దక్షిణాఫ్రికా 131 ఓవర్లు ఆడినప్పుడు ఐదోవాడు ఉంటే బాగుండేదనిపించింది.

ప్రశ్న: మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని స్వదేశంలో ప్రతి టెస్టూ ఎందుకు ఆడించరు?
- ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: అమ్మా, అభిమానం మాకూ ఉంది. మెల్‌బోర్న్‌లో 2024 డిసెంబర్‌లో ఎనిమిదో స్థానంలో వచ్చి కొట్టిన 114 చిన్న సంగతి కాదు. 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్‌గా బుమ్రా పోతే, హైదరాబాదీ సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులు కాచాడు, తర్వాతి ఓవర్లో బౌండరీతో శతకం. ఆఖరి బ్యాటర్ మూడు బంతులు కాయడం ఎంత విలువైన పనో ఆ రోజు తెలిసింది.

అయితే పేస్ ఆల్‌రౌండర్‌కి పెర్త్‌లో, మెల్‌బోర్న్‌లో రోజుకి పది పన్నెండు ఓవర్ల పని ఉంటుంది. తిరిగే పిచ్ మీద ఆ ఓవర్లు జడేజాకి, వాషింగ్టన్‌కి పోతాయి. మూడో పేసర్‌కి రోజుకి ఎనిమిది ఓవర్లు కూడా రాకపోతే అతన్ని బ్యాటర్‌గా మాత్రమే లెక్కగట్టాలి. అప్పుడు పోటీ ఆరో స్థానం బ్యాటర్లతో. స్వదేశంలో అతని చోటు గట్టిపడాలంటే స్పిన్‌లో పెద్ద ఇన్నింగ్స్‌లు రావాలి, రంజీలో ఆంధ్రకి పైస్థానంలో ఆడితే అందుకు దారి ఉంటుంది.

ప్రశ్న: నైట్‌వాచ్‌మన్‌ని పంపడం మంచిదేనా?
- ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: రోజు చివర్లో వికెట్ పడితే మంచి బ్యాటర్‌ను కాపాడటానికి అతని కన్నా ముందు పంపే కింది వరస ఆటగాడే నైట్‌వాచ్‌మన్. ఆరేడు ఓవర్ల లోపు మిగిలితేనే పంపాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే అసలు బ్యాటరే రావాలి. పంపేవాడికి డిఫెన్స్ రావాలి, స్ట్రైక్ అతనే ఎక్కువ తీసుకోవాలి. అవతలి ఎండ్‌లో ఉన్న మంచి బ్యాటర్ ఆ ఓవర్లన్నీ ఆడితే ఇతన్ని పంపిన ప్రయోజనమే లేదు. 2024లో ఇక్కడ మూడో రోజు సాయంత్రం డకెట్ పోయాక రెహాన్ అహ్మద్ వచ్చి ఆ పూట గట్టెక్కించి, మర్నాడు 23కి అవుటయ్యాడు. గిలెస్పీ 2006లో చిట్టగాంగ్‌లో నైట్‌వాచ్‌మన్‌గా వచ్చి 201 నాటౌట్ కొట్టాడు కానీ, దాన్ని లెక్కలోకి తీసుకుని ఎవరూ జట్టు నడపకూడదు.

ప్రశ్న: ముల్తాన్‌లో సచిన్ 194 మీద ఉండగా డిక్లేర్ చేయడం న్యాయమేనా? ఇంట్లో ఇప్పటికీ వాదన తెగలేదు.
- ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: 2004లో 675/5 దగ్గర, రెండో రోజు సాయంత్రం, తాత్కాలిక కెప్టెన్ ద్రవిడ్ తీసుకున్న నిర్ణయం అది. భారత్ ఇన్నింగ్స్ 52 పరుగులతో గెలిచింది, అదీ పాకిస్తాన్ గడ్డ మీద. ఆ సాయంత్రం కొత్త బంతికి కొన్ని ఓవర్లు కావాలనుకోవడం తప్పు కాదు. మా మటుకు ఆరు పరుగుల కోసం రెండు ఓవర్లు ఆగినా మ్యాచ్ పోయేది కాదు, ఎందుకంటే ఇంకా మూడు రోజులు ఉన్నాయి. అదే ఐదో రోజైతే ఎవరి ద్విశతకం కోసమూ ఆగకూడదు.

అసలు నేర్చుకోవాల్సింది కబురు పంపే పద్ధతి. డిక్లేర్ చేయబోయే ముందు కనీసం గంట ముందే, డ్రింక్స్ బ్రేక్‌లో, "ఇన్ని ఓవర్లు మిగిలాయి, ఆ తర్వాత పిలిచేస్తాం" అని ఇద్దరు బ్యాటర్లకీ అంకె చెప్పాలి. "కొంచెం తొందరగా ఆడు" అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: రంజీలో ఆంధ్ర జట్టు 400 దాటినా డిక్లేర్ చేయదెందుకు?
- ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: అది ఒక్క ఆంధ్ర అలవాటు కాదు, పాయింట్ల పద్ధతి వల్ల వచ్చింది. మ్యాచ్ గెలిస్తే 6, డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యానికి 3, వెనకబడినవాళ్లకి 1. నాకౌట్‌లో డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యమే విజేతను తేలుస్తుంది. అందుకని మొదటి ఇన్నింగ్స్‌లో ఎంత వీలైతే అంత కొడతారు.

ప్రశ్న: మాది రెండు రోజుల కాలేజీ మ్యాచ్. రోజుకి 90 ఓవర్లు. పూర్తి విజయం కావాలంటే ఎప్పుడు డిక్లేర్ చేయాలి? పోయినసారి 85 ఓవర్లు ఆడి 310 కొట్టాం, మ్యాచ్ డ్రా అయింది.
- జట్టు కెప్టెన్, మద్దిలపాలెం

జవాబు: 310 కొట్టిన రోజే మీరు డ్రా రాసుకున్నారు. మొత్తం 180 ఓవర్లలో 85 మీరే తినేస్తే, ఇన్నింగ్స్ మార్పులకి రెండేసి ఓవర్లు పోగా, 20 వికెట్లు తీయడానికి 91 ఓవర్లు మిగిలాయి. ఫాలోఆన్ ఆడించినా నాలుగున్నర ఓవర్లకో వికెట్ పడాలి. కాలేజీ బౌలింగ్‌తో అది కష్టం.

ఇలా వేసుకోండి. 60 నుంచి 65 ఓవర్ల మధ్య, స్కోరు 220, 230 దగ్గర ఆపండి. ఆ సాయంత్రం అవతలివాళ్లకి 23, 25 ఓవర్లు ఉంటాయి, మూడు నాలుగు వికెట్లు రావాలి. మర్నాడు లంచ్ లోపు, అంటే ఇంకో 30 ఓవర్లలో, 115కి ఆలౌట్ చేయగలిగితే ఆధిక్యం వంద దాటుతుంది, రెండు రోజుల మ్యాచ్ కాబట్టి ఫాలోఆన్ మీ చేతిలో ఉంటుంది. మిగిలేవి 58 ఓవర్లు. 55 ఓవర్లే వేసిన బౌలర్లు మళ్లీ వేయగలరు, ఆడించండి. ఆధిక్యం వందకి తక్కువైతే 15 ఓవర్లు దంచి 80, 90 కొట్టి, కనీసం 40 ఓవర్లు ఉంచి డిక్లేర్ చేయండి. లక్ష్యం ఓవరుకి నాలుగున్నర దగ్గర ఉంటే అవతలివాళ్లు కూడా గెలుపు కోసం ఆడతారు. వాళ్లు కొట్టడానికి వస్తేనే మీకు వికెట్లు. ఓవరుకి ఏడు పెడితే మొదటి ఓవర్ నుంచే జిడ్డు మొదలెడతారు.

రెండు చోట్ల సమయం ఊరికే పోతుంది. లంచ్‌కో టీకో పది నిమిషాల ముందు డిక్లేర్ చేస్తే ఆ పది నిమిషాలు మీవి కావు, విరామం మొదలయ్యే క్షణంలో డిక్లేర్ చేస్తే ఇన్నింగ్స్ మార్పు విరామంలోనే కలిసిపోతుంది. రెండోది మీ సొంత జట్టు. డిక్లేర్ చేసినప్పుడు వికెట్‌కీపర్ బ్యాటింగ్ ప్యాడ్లతో కూర్చుని ఉంటే, కొత్త బంతి వేసేవాడు వార్మప్ చేయకపోతే, మొదటి మూడు ఓవర్లు దండగ. ఇరవై నిమిషాల ముందే వాళ్లిద్దరికీ చెప్పండి. నవంబర్‌లో విశాఖలో ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది కాబట్టి, ఆఖరి పది ఓవర్లు స్పిన్నర్లతో వేయించేలా లెక్క చూసుకోండి. వెలుతురు తగ్గినా వాళ్లతో ఆట కొనసాగే వీలుంటుంది.

ప్రశ్న: డిక్లేర్ చేశాక మనసు మార్చుకోవచ్చా? రోలర్ ఎవరిష్టం?
- స్కోరర్‌గా పనిచేస్తున్న పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: మార్చుకోకూడదు. అవతలి కెప్టెన్‌కీ అంపైర్లకీ తెలియజేశాక అంతే. బంతి ఆటలో లేనప్పుడు ఎప్పుడైనా డిక్లేర్ చేయవచ్చు, ఓవర్ మధ్యలో కూడా. పెవిలియన్ నుంచి చెయ్యి ఊపి బ్యాటర్లను పిలవడం సరిపోదు, అవతలి కెప్టెన్‌కి, అంపైర్లకి మాట చెప్పాలి.

రోలర్ ఎంచుకునేది బ్యాటింగ్‌కి దిగబోయే కెప్టెన్. మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌కి తప్ప ప్రతి ఇన్నింగ్స్ ముందూ, ప్రతి రోజు ఆట మొదలయ్యే ముందూ ఏడు నిమిషాలకు మించకుండా తొక్కించుకోవచ్చు. పగుళ్లు తేలిన పిచ్ మీద బరువు రోలర్ అడిగితే పెచ్చులు ఇంకా లేచే ప్రమాదముంది, అలాంటప్పుడు తేలిక రోలరే అడగాలి. స్కోరు పుస్తకంలో డిక్లేర్ చేసిన సమయం, అప్పటి ఓవరు, బంతి, మిగిలిన ఓవర్లు వెంటనే రాసి అంపైర్‌తో సరిచూసుకోండి. చివరి గంటలో ఎన్ని ఓవర్లు అన్న తగువు వచ్చినప్పుడు అందరూ చూసేది మీ పుస్తకమే.